ఒక కార్డు, అరవై ఒక్క మంది

రేడియో కేంద్రంలో ఉత్తరాల గది మా బాబాయిది. ముప్పై ఏళ్లు ఆయన చేసింది ఒకే పని. శ్రోతలు రాసిన కార్డులు చదవడం, ఏ కార్యక్రమానికి వచ్చినవి ఆ అరలో పెట్టడం, నెలాఖరున ఎన్ని వచ్చాయో పైకి రాసి పంపడం. ఏది జనానికి ఎంత పనికొస్తోందో పైవాళ్లు ఆ అంకె చూసే తేల్చేవారు. పొల్లు పోని లెక్క కాబట్టి ఆఫీసులో ఆయన్ని తక్కెడ అనేవారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

"ఊరందరి ఉత్తరాలూ నోటికొచ్చు. మన పిల్ల ఏ క్లాసో అడగండి, నీళ్లు నములుతారు" అనేది పిన్ని.

మధ్యాహ్నం రెండింటికి నవల చదివి వినిపించే కార్యక్రమం ఒకటి ఉండేది. నెలకు వంద ఉత్తరాలైనా రానివి ఆపేయాలని ఆ ఏడు కొత్త నిబంధన వచ్చింది. ఆ నెల నవలకు అరవై మూడు వచ్చాయి. అందులో ఒకటి బట్టలు కుట్టే షెడ్డు నుంచి. పైన నాలుగు ముక్కలు, మిగతా చోటంతా చీమల బారులా సంతకాలు, వేలిముద్రలు. మొత్తం అరవై ఒకటి.

బాబాయి ఒకటి అని రాశాడు.

"ఇంతమంది కలిసి రాస్తే ఒకటేంటి సార్?" అన్నాడు అటెండరు.

"కార్డు ఒకటేగా. దీన్ని అరవై ఒకటంటే, రేపొకడు వంద సంతకాలు తనే గిలికి పంపిస్తాడు."

"ఈ వేలిముద్రలు కూడా ఒకడివేనా సార్?"

బాబాయి కార్డును నవల అరలో పెట్టేశాడు. నవల సగంలో ఆగిపోయింది.

రెండు వారాల తర్వాత, భోజనాల వేళ, షెడ్డు నుంచి ఒకావిడ వచ్చింది. జాకెట్టుకు దారం పోగులు అంటుకునే ఉన్నాయి.

"మా కార్డు అందిందా అన్నా?"

అది ఆయన చేతికందే అరలోనే ఉంది.

"అందలేదమ్మా."

"తలా ఒకటి రాద్దామన్నారు మావాళ్లు. అన్ని చదవలేక పాపం ఆ ఉత్తరాలు చూసే ఆయన చస్తాడు, ఒకటి చాలని నేనే ఆపా. నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడు వాళ్లకు ఏ మొహం చూపించను?"

ఆమె పోస్టునూ తననూ తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒకసారి బాబాయి ఇదంతా చెప్పాడు. "గేటు దాటేలోగా పిలిచి నిజం చెప్పేయొచ్చు. నోరు రాలేదు. పోనీ, ఆ నవల పుస్తకం పక్క గదిలోనే ఉండేది. చివరికేమైందో నాకు తెలుసు. కథైనా చెప్పి పంపాల్సింది."