ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

ఖరిదా పేటలో పుట్టి పెరిగిన ఏంజలిన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. లైబ్రరీల్లో పనిచేసేవాళ్లకి కంప్యూటర్‌లో పుస్తకాల లెక్క చూసుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఆ వారం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని తెలుగు లైబ్రరీలో రాధారాణికి నేర్పుతోంది.

"ఒక పుస్తకానికి ఒకటే పేరు. గడువు దాటితే ఆ కార్డు మీద ఇంకోటి ఇవ్వకూడదు," అని సాఫ్ట్‌వేర్‌ని అలాగే సర్దింది.

మర్నాడే, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన నూకయ్య కార్డు ఆగిపోయింది. ఆయన తీసుకెళ్లిన నవల ఒకటి గడువు దాటింది.

"ఆ నవల నా కాడ లేదమ్మా. సదివీసి పక్క క్వార్టరోళ్లకి ఇచ్చీసినాను," అన్నాడాయన.

"ఇక్కడికి తేకండా ఎలాగ ఇచ్చీసినారు?" ఏంజలిన్ గొంతు పెంచింది.

"మా క్వార్టర్ల లైనంతా అంతే, దీదీ," అంది రాధారాణి. "ఒకరు తెస్తే అందరూ సదివినాకే తిరిగొస్తాది."

ఇదేం పద్ధతని రుసరుసలాడుతూ ఏంజలిన్ ఇంటికెళ్లింది. తల్లి దేవమణి మంచం మీద కూర్చుని చదువుకుంటోంది. ఆ నవలే. అట్ట మీద లైబ్రరీ ముద్ర కూడా ఉంది.

"నీకెలాగ వచ్చింది?"

"చర్చిలో జెనీ ఇచ్చింది. ఉండవే, పెళ్లి ఆగిపోయేటట్టుంది," అంది తల్లి, తలెత్తకుండా.

పొద్దున్నే ఏంజలిన్ నూకయ్య కార్డుని మళ్లీ తెరిచింది. తెర మీద కొత్త గడి ఎలా చేర్చాలో రాధారాణికి చూపించింది. దానికి 'ఇప్పుడు ఎవరి దగ్గరుంది' అని పేరు పెట్టి, అందులో తల్లి పేరు కొట్టింది.

ఎవరూ చెప్పకుండానే రాధారాణి దాని పక్కన ఇంకో గడి చేర్చింది: 'తరవాత ఎవరికి'. అందులో తన పేరే వేసుకుంది.