మామ గీసిన సముద్రం

మా బేనర్ల కొట్టు మామ పోయిన కబురు ఆయన తమ్ముడి ఫోన్‌లో వచ్చింది. పొద్దున ఏడు గంటలు. మూడు రోజులుగా ఒకటే వాన.

"అన్న పోయినాడు పాపా. పదకొండుకు ఎత్తేస్తారు. బేనర్ చేసి సీక్రం మణవాళనగర్ ఇంటికి తీసుకొచ్చేయ్. ఆయప్ప గీసిన సముద్రమే పెట్టు, ఇంకేం వద్దు" అన్నాడు. ఎట్లా పోయాడని అడిగేలోపే పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియకుండా నేను ఆ పని మొదలుపెట్టకూడదు. అది మామ పెట్టిన నియమమే.

మా తిరువళ్ళూరులో ఎవరు పోయినా వీధి మొగదల కన్నీటి అంజలి బేనర్ కడతారు. పోయినవాళ్ళ ఫొటో పెద్దదిగా, వెనకాల ఏదో ఒక అందమైన దృశ్యం. కంప్యూటర్‌లో తయారుగా దొరికే దృశ్యాలన్నీ నీళ్ళే. జలపాతం, సముద్రం, తామర కొలను. చూసేవాళ్ళకు మనసు కుదుటపడుతుందని కాబోలు. పన్నెండేళ్ళుగా మామ కొట్లో ఆ బేనర్లు చేసేది నేనే. చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆయన్ని మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని.

తిరువళ్ళూరుకు రాకముందు మామ తిరుత్తణి కొండ కింద స్టూడియో నడిపాడు. ముతక గుడ్డ మీద తన చేత్తోనే సముద్రం గీసి గోడకు వేలాడదీశాడు. కొండ మీద గుండ్లు చేయించుకుని దిగివచ్చిన కుటుంబాలు దాని ముందు నిలబడేవి. చందనం పూసిన గుండ్లు, వెనకాల సముద్రం. అందులో పెద్ద కెరటం ఒక్కటి కూడా లేదు. ఎందుకని అడిగితే, "అల పెద్దదైతే పిల్లోళ్ళు బెదరతారు పాపా. ఇంటికి పోయి చూసుకున్నాంక పెద్దోళ్ళూ బెదరతారు" అన్నాడు.

అసలు బెదురంతా ఆయనదే. రైలెక్కి మద్రాసు పోయి, ఒడ్డున కూర్చుని రోజంతా సముద్రాన్ని చూసి వచ్చేవాడు. కాళ్ళు మాత్రం తడిపేవాడు కాదు. "సముద్రం చూసొచ్చినాడంట, చెప్పులకు ఇసక గూడా అంటలేదు" అని అత్త ఆటపట్టించేది.

నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మనిషి గొంతు మీదుగా పోకూడదని ఆయన పట్టుదల. "గొంతు కాడ గీత పడితే మునిగిపోతా ఉండేట్టు ఉంటాది. రొమ్ము కాడ ఉండాల" అనేవాడు. పొట్టివాళ్ళ కోసం రకరకాల ఎత్తుల్లో పీటలు చేయించి పెట్టుకున్నాడు. కెమెరా దగ్గర్నుంచి మూడుసార్లు ముందుకొచ్చి చూసి, "ఉండండి, ఇంకా మునిగే ఉండారు" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. మీ ఇంట్లో తిరుత్తణిలో తీయించుకున్న పాత ఫొటో ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. వెనకాల అలలు లేని సముద్రం ఉండి, దాని గీత రొమ్ము దగ్గర ఉంటే అది మామ తీసిందే.

నేను చేరిన మొదటి ఏడాది, అరవల ఆడి నెలలో, పెరియపాళయం వైపునుంచి ఒకతను పాతికేళ్ళ కుర్రవాడి ఫొటో తెచ్చి ఇచ్చాడు. తొందరలో ఉన్నాడు, ఏమీ చెప్పలేదు. మామ భోజనానికి ఇంటికి వెళ్ళాడు. కొత్త పని చేతికొచ్చిందన్న ఉత్సాహంలో నేను మంచి నీలి సముద్రం ఏరి, కుర్రవాడి వెనకాల పెట్టి, అచ్చు వేసి పంపాను. ఆ పిల్లవాడు పోయింది బావిలో ఈతకు దిగి మునిగి.

ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది. మామ నన్ను బండి వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. వెళ్ళేసరికి బేనర్ కింద, రోడ్డు మీదే కూర్చుని ఆ తల్లి దానివైపు చెయ్యి చూపిస్తూ "తణ్ణి వేణాం, తణ్ణి వేణాం" అంటోంది. నీళ్ళు వద్దు, నీళ్ళు వద్దు అని. మామ ఎవరినో నిచ్చెన అడిగి తీసుకున్నాడు. వెంట తెచ్చిన తెల్ల పెయింటు డబ్బా తెరిచి ఆ సముద్రమంతా మాపేశాడు. భుజాల చుట్టూ సన్న బ్రష్షుతో, పిల్లవాడి చొక్కాకు చుక్క అంటకుండా. కిందికి దిగి ఆ తల్లి ముందు చేతులు కట్టుకుని, తప్పు తనదేనని, తానే చేశానని అరవంలో చెప్పాడు. నేను ఆయన వెనకాల నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

తిరిగి వస్తూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కొట్టు తాళం తీస్తూ అన్నాడు: "ఇంకమీద అడగాల పాపా. నీళ్ళతో ఏమన్నా ఉండిందా అని. కోప్పడినా సరే, అడిగినాంకనే చేయాల." అప్పట్నుంచీ ప్రతి ఒక్కరినీ అడిగాను. కొందరు వింతగా చూశారు. ఇద్దరు ముగ్గురు తలవంచుకున్నారు, వాళ్ళ బేనర్లలో నీళ్ళకు బదులు పూలు పెట్టాను. నేను ఈ పనిలో నిలబడగలిగింది ఆయన ఆ రోజు నా తప్పును తన మీద వేసుకున్నందుకే.

ఇప్పుడు ఆయన బేనర్ నా ముందు ఉంది, అడగడానికి ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. బయట మోకాటి లోతు నీళ్ళు. వానైనా సైకిలేసుకుని వచ్చే మనిషి. మూతల్లేని కాలువలు గుర్తొచ్చాయి, తెగిపడిన కరెంటు తీగలు గుర్తొచ్చాయి. ఎవరైనా ఆయన్ని నీళ్ళలోంచి ఎత్తి తెచ్చి ఉంటే? చివరికి రెండు బేనర్లు చేశాను. ఒకటి సముద్రం, ఒకటి వట్టి తెలుపు. ఆ పాత గుడ్డను ఎప్పుడో ఫొటో తీసి దాచాను. మధ్యలో, జనం ఆనుకుని ఆనుకుని రంగు పోయిన చోట మామను నిలబెట్టాను. గీత గొంతు మీద పడింది. సరిచేశాను. మూడుసార్లు చూశాను.

ఆటోలో రెండు బేనర్ చుట్టలూ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. గడపలోనే ఆయన తమ్ముడు చెయ్యి చాపాడు. "ఇయ్యి పాపా, టైమైపోతా ఉంది." ఇవ్వలేదు. పోయి అత్త ముందు కూర్చున్నాను. ఎంతమంది ఆడవాళ్ళనో అడిగిన మాట, ఆమె దగ్గర నోటికి రాలేదు.

ఆమే అంది. "ఏం పాపా, నువ్వు ఒక మాట అడగాల గదా. మీ మామ చెప్పలేదా?"

"నీళ్ళతో ఏమన్నా ఉండిందా అత్తా?"

"తెల్లారి కుర్చీలో కూర్చోని, గుండెల్లో ఏందో మాదిరి ఉందే, రవ్వన్ని నీళ్ళియ్యి అన్నాడు. లోపలికి పోయి ముంచుకొచ్చే లోపల తల వాల్చేసినాడు. చెంబు నా చేతిలోనే ఉండిపోయె."

నేను సముద్రం ఉన్న చుట్టను వెనక్కు జరిపాను. "తెల్లది కడదాం అత్తా" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నోట్లో ఒక్క చుక్క పోయలేకపోతిని. సముద్రమే కట్టు."

వీధి మొగదల, నీళ్ళు నిలవని మెరక మీద కట్టాం. నేను దూరంగా పోయి చూశాను. గీత రొమ్ము దగ్గరే ఉంది. పదకొండుకు మగవాళ్ళు ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయారు. ఎవరో వద్దంటున్నా వినకుండా అత్త చెంబు పట్టుకుని వానలోకి వచ్చింది. పొద్దున ముంచిన నీళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. వంగి దాన్ని బేనర్ కింద, మామ గీసిన ఒడ్డు ముగిసే చోట పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వాన చుక్కలు పడుతూ ఉంటే చెంబు నిండి, అంచు మీదుగా నీళ్ళు కారుతూ ఉన్నాయి.