సీసాలో వాన

బందరులో డచ్చివారు దిగిన రోజునూ ఉప్పెన వచ్చిన రోజునూ ఎవరో ఒకరు రాసిపెట్టారు గాని, వార్డు శానిటేషన్ సెక్రటరీ జెనిఫర్ హ్యాండ్‌బ్యాగులో ఖాళీ సీసా పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజును ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. పారిశుద్ధ్యానికి సెలవుల్లేవు గనుక రెండేళ్లుగా ఆమె రోజూ గడప దాటి, మబ్బుల వంక చూసి, సీసా మూత బిగించుకుని డ్యూటీకి వెళ్తుంది. భానుప్రకాష్ తన సర్వీసింగ్ షెడ్డులో కార్లు కడిగిన ఆయిలు నీళ్లను తొట్టిలో దాచి, వాన మొదలవగానే వాననీటి కాలువలోకి వదిలేస్తాడు. కాలువ పక్కనే చేపలమ్మే మహాలక్ష్మమ్మ వాళ్ల చేతిపంపు. కొడితే నీళ్ల మీద ఇంద్రధనుస్సు తేలుతుంది. నోటీసివ్వాలంటే రూలు ప్రకారం వాన పడిన అరగంటలో నమూనా పట్టి, అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ఆ వాన మాత్రం జెనిఫర్ గుడివాడ మీటింగులో ఉన్నప్పుడే పడుతుంది.

మొన్న ఎట్టకేలకు ఆమె ఆ వీధిలో ఉండగా పడింది. జెనిఫర్ చెప్పులు విడిచి, మోకాలిలోతు కాలువలోకి దిగి, నల్లటి నీళ్లు సీసా నిండా పట్టింది. "తడిసిపోతారు, లోపలికి రండి మేడమ్, టీ తెప్పిస్తాను," అన్నాడు భానుప్రకాష్ కుర్చీలోంచి కదలకుండా. "టీ కూడా ఈ నీళ్లతోనేనాండీ?" అంది జెనిఫర్. "ఆయన క్యాను నీళ్లు తాగుతాడమ్మా. ఈ కాలువ తాగేది మేమే," అంది మహాలక్ష్మమ్మ, ఆమెకు గొడుగు పడుతూ. జెనిఫర్ సీసాకు చీటీ అంటించి, సంతకం పెట్టి, తేదీ వేయబోయి ఆగిపోయింది. ఆ రోజు రెండో శనివారం. ల్యాబుకు సెలవు.