పడుకున్న బావ మీద ఈల ఊదిన రోజు

ఆ రోజుల్లో మా అడవి అంచు ఊళ్లలో రిఫరీ అంటే కలెక్టరు కన్నా ఒక మెట్టు పైన, యముడి కన్నా ఒక మెట్టు కింద. కలెక్టరు సంతకం పెట్టినా ఆర్నెల్లకు గాని పని కాదు; రిఫరీ ఈల ఊదితే భూమి అక్కడికక్కడే ఆగిపోయేది. అంతటి పదవి నాకు ఇరవై రెండేళ్లకే దక్కింది. ఖమ్మంలో వారం రోజులు బాస్కెట్‌బాల్ రిఫరీల క్లాసులు విని, మెడలో ఈల వేలాడేసుకుని పినపాకలో బస్సు దిగాను. (ఆ ఈల మోగితే గోదావరి అవతల మేస్తున్న మేకలు తలెత్తి చూసేవి. నమ్మకపోతే మేకల్నే అడగండి.) ఉద్యోగం మాత్రం లేదు. తిండి అక్కాబావల ఇంట్లో, పడక వాళ్ల వాకిట్లో మంచం మీద.

బావకు కలప డిపోలో పని. అక్కడి దుంగల్లోంచి ఒకటి లేచి చొక్కా తొడుక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉండేవాడు. ఊరి జట్టుకు ఆయనే కొండంత అండ. నిజంగానే కొండ, కాబట్టి పరిగెత్తడం ఆయన ఒంటికి పడేది కాదు. క్రిస్మస్ వారంలో చర్చి పక్క మైదానంలో కుసుమంచి జట్టుతో ఫైనల్. రిఫరీని నేను. అడవిలో ఉడుములు తప్ప మిగతా జీవాలన్నీ చూడ్డానికి వచ్చాయని నా లెక్క.

ఆట మొదలైన కాసేపటికే బావ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. వెనకే బంతితో దూసుకొస్తున్న కుసుమంచి బక్క పిల్లాడు ఆయన పొట్ట తట్టుకుని బోర్లా పడ్డాడు. ఫౌల్ ఫౌల్ అని మైదానం అదిరింది. నేను గొంతు సవరించుకుని, క్లాసులో విన్నది విన్నట్టు వినిపించాను: పడ్డవాడు కదలకుండా ఉన్నంతసేపు ఆ చోటు వాడిదే, ఇంకెవరైనా తట్టుకుని పడితే తప్పు వాడిది కాదు, కాలో చెయ్యో లేపి అడ్డం పెడితేనే ఫౌల్. కుసుమంచి కెప్టెన్ నన్ను ఎగాదిగా చూసి, "అవ్ సారూ, పొద్దుగాల ఎవరింట్ల తిన్నవో మాకు ఎర్కలేదా" అన్నాడు. తిన్నది నిజం. అదీ బావ పక్కనే కూర్చుని, మూడుసార్లు పెట్టించుకుని.

ఈ రూలును బావ విన్నంత శ్రద్ధగా పాస్టరుగారి ప్రసంగం కూడా ఎన్నడూ వినలేదు. అప్పట్నుంచి ఆయాసం వచ్చినప్పుడల్లా పడడం మొదలుపెట్టాడు. ఎక్కడ పడితే అక్కడ ఒక ఆనకట్ట. కుసుమంచి వాళ్లు ఆయన చుట్టూ తిరిగి రావాలంటే దారిలో ఒకచోట ఆగి నీళ్లు తాగాల్సి వచ్చేది.

చివరి క్షణాలు. మా ఊరు ఒక్క పాయింటు ముందుంది. బక్క పిల్లాడు బంతితో బాణంలా వచ్చాడు. రింగు ముందు బావ అప్పటికే కళ్లు మూసుకుని పవళించి ఉన్నాడు. పిల్లాడు బంతి వెయ్యడానికి ఆయన మీదుగా ఎగిరాడు. సరిగ్గా అప్పుడే బావ మోకాలు లేచింది. పడుకున్న బర్రె చెవి కదిలించినంత, అంతే. పిల్లాడు గాల్లో ఆరు గజాలు పోయాడు (ఈ మధ్య పన్నెండని చెబుతున్నాను), బంతి చర్చి గోడ దాటింది.

మైదానమంతా నా నోటి వైపే చూస్తోంది. ఊదితే తిండి పోతుంది. ఊదకపోతే, మెడలో వేలాడేది ఈల కాదు, ఉత్త ఇనప ముక్క. బుగ్గలు పొంగించి ఊదేశాను.

బావ ఒక కన్ను తెరిచాడు. "ఎవరి మీద, బామ్మర్దీ?"

"నీ మీదనే బావా. మోకాలు లేసింది."

"దోమ కుట్టింది."

"దోమ కుట్టినా లేసింది లేసిందే."

ఆయన తెరిచిన కన్ను మళ్లీ మూసుకున్నాడు. "గట్లనా. కదలకుంటె జాగ నాదే అన్నవ్ గద. ఫౌల్ వాపస్ తీస్కునేదాక ఈడికెల్లి లెవ్వ."

దీనికి మందు ఖమ్మం క్లాసుల్లో చెప్పలేదు. నలుగురు కలిసి లేపబోయి, ఆయన్ని లేపలేక తామే కూలబడ్డారు. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి అక్క కొంగు నడుముకు దోపుకుని మైదానంలోకి వచ్చింది. నా పెట్టె బయట పడ్డట్టే అనుకున్నాను. ఆమె నా మొహం కూడా చూడలేదు. తిన్నగా పోయి బావ తల దగ్గర నిలబడి, "నేను గూడ చూసిన. మోకాలు లేసింది. లెవ్వయ్యా" అంది.

కొండ లేచింది. బక్క పిల్లాడు రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. ఒక్క పాయింటుతో మా ఊరు ఓడిపోయింది.

ఆ పూట ముగ్గురం నాటుకోడి కూర తిన్నాం. చెయ్యి కడుక్కునే దగ్గర బావ మెల్లగా, కదలకుండా ఉంటే గెలిచేవాళ్లమా అని అడిగాడు. గెలిచేవాళ్లమే అన్నాను. చాలాసేపు చెయ్యి కడుగుతూనే ఉన్నాడు. చివరికి, "నిజంగనే దోమ కుట్టిందిరా. ఈడ మస్తు దోమలున్నయ్, నీ మంచం లోపలేస్కో పో" అన్నాడు.

ఇప్పుడు నాకూ పొట్ట వచ్చింది. బావంత కాకపోయినా దారిలో ఉంది. పక్కింటాయన నా గేటుకు అడ్డంగా స్కూటరు పెడితే, ఏమనుకుంటాడోనని ఊపిరి బిగబట్టి సందులోంచి దూరి పోతుంటాను. అన్నం పెట్టే ఇంటి మీద ఈల ఊదిన ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడు నేనేనంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఒక్కోసారి నాకూ నవ్వొస్తుంది, వాడి ముందు కాస్త సిగ్గూ వేస్తుంది.