గుర్తు లేని నారేపి

హిందూపురంలో ఎనిమిదో తరగతి పాసయి, పెనుకొండ కొండల కింది పల్లెకు కోడలిగా వచ్చాను. ఊళ్లో చదువుకున్న ఆడది నేనొక్కతినే. ఆ సంగతి ఊరికన్నా నాకే ఎక్కువ గుర్తుండేది.

ఊరి పైన గుట్టంతా నారేపి అడవి. ఎప్పటి చెట్లో ఎవరికీ తెలియదు. వాన ముఖం చాటేసిన ఏడు వాటి ఆకుతోనే మా గొర్రెలు బతికేవి. అందులో ఒక ముసలి చెట్టు కింద మా అత్త తన తొలిచూలు బిడ్డను పూడ్చిపెట్టింది. గొర్రెల్ని తోలుకుపోయినప్పుడల్లా ఆ నీడలోనే సద్దిమూట విప్పేది.

అరవైల్లో ఒక ఎండాకాలం, బొగ్గుల కంట్రాక్టరు ఆ అడవిని వేలంలో పాడుకున్నాడు. ఎవరో వచ్చి అక్కడక్కడ చెట్లకు తారు గుర్తులు వేసిపోయారు.

"ఇవేందమ్మే?" అని అత్త నన్నడిగింది.

"కొట్టేసే చెట్లకు గుర్తు వేసినారత్తా" అన్నాను, చేతిలో కాగితం ఉన్నంత ధీమాగా. ఎవరినైనా కనుక్కుందామని కూడా తోచలేదు. అత్త ఆ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

పసుపు కుంకుమ పెట్టి మొక్కిన చెట్టు మీద మా వైపు ఎవరూ గొడ్డలి ఎత్తరు. ఆడవాళ్లమంతా ఇళ్లలో ఉన్న పసుపు నూరుకుపోయి, గుర్తు పడిన ప్రతి చెట్టుకూ పూశాం. ముసలి చెట్టు దగ్గర నేను ఆగితే అత్త చెయ్యి పట్టి లాగింది.

"దానికి గుర్తు లేదు కదమ్మే. పసుపు సాలదు, పా."

శుక్రవారం పొద్దున గొడ్డళ్ల చప్పుడు వినిపించింది. అందరం గుట్టకు పరుగెత్తాం. పసుపు పూసినవన్నీ నిలబడే ఉన్నాయి. మధ్యలోవి నేల మీద ఉన్నాయి. ఫారెస్టు గార్డు మా మొహాలు చూసి జాలిపడ్డాడు.

"గుర్తేసినేటివి ఇత్తనానికని ఇడిసిపెట్టేటివమ్మా. తక్కినవే కొట్టేది. మీకెవురు సెప్పినారు?"

అత్త ముసలి చెట్టు వైపు ఉరికింది. ముదిగుబ్బ వైపు నుంచి కూలికొచ్చిన మనిషి అప్పటికే పంచె ఎగ్గట్టి, గొడ్డలి ఎత్తి దాని ముందు నిలబడ్డాడు. ఊళ్లో పసుపుకొమ్ము మిగల్లేదు. శుక్రవారమని గిన్నె అడుగు గీకి మొహానికి రాసుకున్నదే ఆమె దగ్గరుంది. చెట్టును కావలించుకుని రెండు చెంపలూ బెరడుకేసి రుద్దింది. నుదుటి కుంకుమా రుద్దింది. తోలు లేచిపోయి నెత్తురొచ్చింది.

ఆ మనిషి గొడ్డలి దించేశాడు. "నా సేత గాదు తల్లీ" అని పక్కకు పోయాడు.

ఆ ఒక్కటీ దక్కింది. చుట్టూ ఉన్నవి దక్కలేదు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. గార్డు మళ్లీ అడిగాడు, ఎవరు చెప్పారని.

"నేనేలేప్పా" అంది అత్త, కొంగుతో చెంప ఒత్తుకుంటూ. "సదువు రాందాన్ని, నాకేం తెలుస్తాది?"

నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఆ మాట చెప్పింది నేను.