పద్దెనిమిదేళ్ల రెండో గొంతు

మా పాటల బృందానికి పద్దెనిమిదేళ్లు నిండాయి. దేశం కాని దేశంలో, హారిస్ పార్క్ అనే పేటలో ఒకే అద్దె ఇంట్లో ఉన్న నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లం, నల్లజాతి అమెరికన్ల పాత రిథమ్ అండ్ బ్లూస్ పాటలు విని మతిపోయి మొదలుపెట్టాం. ఒకడు పాట పాడతాడు. మిగతా ముగ్గురూ కింద తలో స్వరంలో పాడి, మధ్యమధ్య ఊకొట్టి, దాన్ని నిలబెడతారు. ఆ ఒకడు మా నాయకుడు. ఊకొట్టే ముగ్గురిలో రెండో గొంతు నాది.

అందమంతా ఆ కింది గొంతుల్లోనే ఉందని మనవాళ్లని ఒప్పించడం నా వల్ల కాలేదు. మనకి పాటంటే ఒకే బాణీ. వేరేగా పాడినవాడు తప్పు పాడినట్టే. ఏటా ఉగాది సభలో మేం వేదిక దిగగానే ఒక ఆంటీ నా భార్యను పట్టుకుని అదే మాట అనేది.

"ఆ ముందున్నబ్బాయి ఎంత బాగా పాడతాడమ్మా. మీ ఆయనే పక్కనుంచి పాడుచేస్తున్నారు. కాస్త శ్రుతి నేర్పించరాదూ?"

మొదట్లో నా భార్య నన్ను వెనకేసుకొచ్చేది. ఈమధ్య తలూపుతోంది.

ఈలోగా ఒకడు మెల్‌బోర్న్ వెళ్లిపోతే, బస్సు నడిపే ఫిజీ తెలుగు అంకుల్ చేరి అన్నిటికన్నా కిందుండే అడుగు గొంతు అందుకున్నారు. ఇంకొకడు మేనేజరై, ఊకొట్టడం తన స్థాయికి తక్కువనుకున్నాడు. వాడి చోటు ఇప్పటికీ ఖాళీయే, ఎవరూ గమనించలేదు. నాయకుడు మాత్రం మారలేదు. వాడి తెల్ల కోటు ఏటేటా బిగుతవుతోంది, అంతే.

ఈసారి ఉగాదికి వారం ముందు వాడి భార్య ఫోన్ చేసింది. వాడి గొంతులో ఏవో కాయలట, నెలదాకా మాట్లాడకూడదట, పాట నన్నే పాడమన్నాడట. "అయ్యో పాపం" అన్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేశాను. నాకూ పాడడం వచ్చని ఆ ఆంటీ, నా భార్య ఒక్కసారి వింటే చాలు, ఇంకేం అక్కర్లేదు.

"పాట వచ్చుగా మీకు?" అంది నా భార్య.

"ఎయిటీన్ ఇయర్స్‌గా పాడుతున్నా. ప్రాక్టీస్ దేనికి?" అన్నాను.

మాటలు ఒకసారి చూసుకున్నాను. బాణీ చూసుకోవాలని తోచనే లేదు.

వేదిక మీద మొదటిసారి ముందు మైకు నాది. అంకుల్ కింద అందుకున్నారు. నోరు తెరిచాను. మాటలు సరిగ్గానే వచ్చాయి, రాగం మాత్రం రెండో గొంతుది. పైకి లేపుదామని చూశాను. చీకట్లో చెయ్యి స్విచ్ మీదికి పోయినట్టు గొంతు పాత చోటికే పోయింది. పాటకి కింద ఇద్దరం ఉన్నాం, పైన పాట లేదు. ఆంటీ నా భార్య వైపు చూసింది. నా భార్య నేల వైపు చూసింది.

అప్పుడు ముందు వరసలో నాయకుడు లేచాడు. వాడి భార్య చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా, మైకు లేకుండా, బొంగురు గొంతుతో బాణీ ఎత్తుకున్నాడు. నేను ఆపేయొచ్చు. కానీ నా గొంతు వెళ్లి దాని కింద కూర్చుంది. ఇన్నేళ్లలో మేం అంత బాగా ఎప్పుడూ పాడలేదు. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

చప్పట్లన్నీ వాడికే.

"గొంతు బాలేకపోయినా ఆ అబ్బాయే మీ ఆయన పరువు కాపాడాడమ్మా," అంది ఆంటీ నా భార్యతో.

వాడు నా దగ్గరికొచ్చి, మిగిలిన కాస్త గొంతుతో, "కింద నువ్వు పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణిరా," అన్నాడు.

ఇన్నేళ్లలో నా ఊకొట్టడాన్ని మెచ్చుకున్న మొదటి తెలుగువాడు వాడే. అదే నాకు మంట. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"నోరు మూసుకోరా," అన్నాను, "డాక్టర్ మాట్లాడొద్దన్నాడుగా."