నాడా వంకరగా ఉందని

సరుకుల చీటీ రాయమంటే పెన్ను దొరకలేదనే మనిషి, ఉద్యోగం అయిపోయాక పుస్తకం రాయడానికి కూర్చున్నాడు. సైన్యంలో లారీ తోలినవాడు. "నువ్వేం యుద్ధం చేశావని రాస్తావు? టైర్లు మార్చిన సంగతా?" అని భార్య మూతి తిప్పింది. "అదే రాస్తా. నీకేం పోయింది?" అన్నాడు డ్రైవరు.

నిజానికి ఆయన రాయాలనుకున్నది ఒక్క మనిషి గురించే.

ఆ మనిషిని దళంలో అందరూ నిదానం అనేవారు. మందుపాతరలు తీయడం అతని పని. బురదలో బోర్లా పడుకుని, సన్నటి ఊచతో నేలను గుచ్చి చూసుకుంటూ జానెడు జానెడు జరిగేవాడు. వెతికి చూసినంత మేర రెండు పక్కలా మేకులు కొట్టి తెల్ల నాడా కట్టేవాళ్ళు. నాడాల మధ్య నడిస్తే బతుకు, బయట కాలు పెడితే అంతే సంగతులు. తీయలేని పాతరను వదిలేసి చుట్టూ తిరిగి వెళ్తారు కాబట్టి ఆ దారులు వంకరటింకరగానే ఉండేవి. "అదేం నడక బావా, కాస్త జోరందుకో!" అని డ్రైవరు ఏడిపిస్తే, "జోరుగా పోయినోళ్ళని నీ లారీలోనేగా తెస్తున్నావు" అనేవాడు నిదానం.

ఒకసారి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఇక చూడాలి హడావిడి! బకెట్లు వరసలో ఉండాలట, రాళ్ళకు సున్నం కొట్టాలట. ఆ ఊపులో ఒక చిన్న ఆఫీసరు కంటికి నాడా వంకర ఎబ్బెట్టుగా కనబడింది. మేకులు పీకించి, తాడు పట్టించి, తిన్నగా కట్టించాడు. చూడముచ్చటగా ఉందని మురిసిపోయి ఉంటాడు, దౌర్భాగ్యుడు! ముందురోజు వేరే జట్టు వెతికిన దారి అది. నిదానం ఎప్పటిలాగే నాడాల మధ్యనే నడిచాడు.

అతన్ని లారీలోకి ఎత్తడానికి వెళ్ళిన డ్రైవరు పాత మేకుల గుంతలు కళ్ళారా చూశాడు. విచారణలో చెప్పాడు కూడా. "నువ్వు బండి సంగతి చూసుకో" అన్నారు. కాగితం మీద 'అజాగ్రత్త వల్ల మరణం' అని రాసి చేతులు దులుపుకున్నారు. "నా కొడుకు వాడి తప్పుతోనే పోయాడు" అని కుమిలి కుమిలి నిదానం తల్లి కన్నుమూసింది.

డ్రైవరు అదంతా ఉన్నదున్నట్టు రాశాడు. అచ్చు వేసే పెద్దమనిషి చదివి, "భాష కాస్త దిద్దుతాను, మిగతాది నాకొదిలెయ్యండి" అన్నాడు. డ్రైవరు నమ్మాడు. కాయితాలు అప్పగించి నిశ్చింతగా ఇంటికి వచ్చాడు.

పుస్తకం వచ్చింది. అందులో నాడా లేదు, తనిఖీ లేదు. నిదానం పరుగెత్తుకొచ్చి, డ్రైవరును పక్కకు నెట్టి, పాతర మీద తానే దూకి ప్రాణాలర్పించాడు!

డ్రైవరు ఆ పెద్దమనిషి మీదికి ఒంటికాలిపై లేచాడు. "ఏం రాశావయ్యా ఇది?"

"నిజం అచ్చేస్తే కోర్టుల చుట్టూ తిరగాలి సార్. అయినా మీ స్నేహితుణ్ణి వీరుణ్ణి చేశాను, నాకు దండెయ్యాలి మీరు. ఆయన భార్యకి ఒక కాపీ పోస్టులో పంపేశాను కూడా."

డ్రైవరు ఉన్నపళాన బస్సెక్కాడు.

నిదానం భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పుస్తకం పక్కన గుడ్డముక్కల మీద ఉంది.

"చదివాను అన్నయ్యా" అంది. "ఎవరీయన?"

డ్రైవరు గుడ్డముక్కల పక్కనే కింద కూర్చున్నాడు.

"తడి గచ్చు మీద కూడా కాలితో తడిమి తడిమి నడిచేవాడు మా ఆయన. పరుగెత్తడమేంటి? దూకడమేంటి?"

"నేను రాసింది అది కాదు చెల్లెమ్మా" అని డ్రైవరు నాడా సంగతి, మేకుల గుంతల సంగతి మొత్తం చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆమె మాత్రం ఏడవలేదు. చెయ్యి మిషను చక్రం మీదే ఉంచి చివరిదాకా విన్నది.

"నాకెందుకు చెబుతావు? ఆయన తప్పు చేసే మనిషి కాదని నాకు ముందే తెలుసు. తెలియాల్సింది ఊరికి. అప్పుడు సైన్యంవాళ్ళు ఒళ్ళు తెలియని మనిషన్నారు, ఇప్పుడు నీ పుస్తకం కూడా అదే అంటోంది. కాకపోతే పొగుడుతూ అంటోంది."

పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.